సముద్రంలో పనికి వెళ్తున్న మేనల్లునికి

హనుమకొండ

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లోని గ్రిమ్స్‌బీ రేవు నుంచి, సముద్రంలో గాలితో కరెంటు తీసే విండ్ టర్బైన్లకు వెళ్ళే ఉద్యోగం నీకు వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. అదే రేవు నుంచి తొమ్మిదేళ్ళు ఆ పనికే వెళ్ళివచ్చినవాడిని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎత్తులో పని చేయడం, మంటలార్పడం, నీళ్ళలో పడితే ప్రాణం కాపాడుకోవడం నీకు శిక్షణలోనే నేర్పి ఉంటారు. పడవలో కడుపు తిప్పుతున్నప్పుడు ఆ సంగతి నోరు తెరిచి చెప్పడం మాత్రం ఎవరికి వారు నేర్చుకోవలసినదే. పాకాల, రామప్ప చెరువులు తప్ప పెద్ద నీళ్ళు చూడని మనబోటి వాళ్ళం దానిని చిన్నతనంగా భావించి దాచుకుంటాము.

నేనూ దాచాను. రెండవ వారంలో ఒకనాడు దారిలోనే రెండుసార్లు వాంతి అయినా, పనికి పనికిరాడంటారేమోనని ఎవరికీ చెప్పలేదు. పడవ తన ముక్కును టర్బైన్ స్తంభానికి ఆనించి ఇంజను బలంతో నొక్కిపట్టి ఉంచితే, డెక్ మీది మనిషి సైగ చేసిన క్షణంలో మనం నిచ్చెన మీదికి అడుగు వేయాలి. ఆయన సైగ చేశాడు, నాకు కనిపించింది కూడా, కానీ మెదడు మొద్దుబారి ఉండడం వల్ల ఒక్క క్షణం ఆలస్యంగా కదిలాను. అప్పటికే పడవ అలతోపాటు కిందికి జారుతున్నది. ఆయన నన్ను వెనక్కి లాగకపోతే పడవకూ స్తంభానికీ మధ్య నా కాలు నలిగిపోయేది. వాంతి చేసుకునేవాడిని అందరూ చూస్తారు, ఆవలిస్తూ మందకొడిగా కూర్చున్నవాడిని ఎవరూ పట్టించుకోరు. ఈ మత్తు కూడా సముద్రపు వికారంలో భాగమేనని నాకు ఆ తరువాతే తెలిసింది.

దీనికి ధైర్యంతో సంబంధం లేదు. క్యాబిన్‌లో కూర్చున్నప్పుడు కళ్ళు కదలిక లేదంటాయి, లోపలి చెవి ఉన్నదంటుంది, ఆ పొత్తు కుదరకే వికారం పుడుతుంది. దాదాపు ఐదారు సెకన్లకు ఒకసారి మెల్లగా పైకి లేచి కిందికి దిగే ఊపు అన్నిటికన్నా చెడ్డది. అందుకే పడవ పరుగెత్తుతున్నప్పటికంటే టర్బైన్ దగ్గర ఆగి ఎదురుచూస్తున్నప్పుడు ఎక్కువ బాధపడతావు. చిన్నప్పుడు ఏటూరునాగారం బస్సులో నిన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి దూరంగా చూడమనేవాళ్ళం గుర్తున్నదా, ఇక్కడా అదే పని చేయాలి. ఫోన్ లోపల పెట్టి, ఊపు తక్కువగా ఉండే నడుమ భాగంలో కూర్చుని, ఆకాశం సముద్రాన్ని తాకే గీతను చూడు.

అలలు మీటరున్నర దాటితే సాధారణంగా మనుషులను టర్బైన్ మీదికి దించరు. అయితే ఆ లెక్క పెద్ద అలల సగటు మాత్రమే కనుక, ఒక్కొక్క అల దాదాపు రెట్టింపు ఎత్తున రావచ్చు. అంకె తక్కువగా ఉన్నదని నీ ఒంటి మాటను కొట్టిపారేయకు.

మాత్రల విషయంలో తొందర వద్దు. సినరిజిన్ వంటివి బయలుదేరడానికి రెండు గంటల ముందు వేసుకుంటేనే పనిచేస్తాయి, వికారం మొదలయ్యాక మింగితే కడుపులో నిలవవు. వాటివల్ల నిద్ర మత్తు వస్తుంది కనుక కంపెనీ డాక్టరుకు చెప్పి, సెలవు రోజున ఒకసారి వేసుకుని నీ ఒంటికి ఎలా ఉంటుందో చూసుకో. ఖాళీ కడుపుతో ఎక్కకు, సర్వపిండి, సకినాల వంటి నూనె సరుకులు తినీ ఎక్కకు. రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో చాలు. వాంతి అయితే గుక్కెడు గుక్కెడుగా ఓఆర్‌ఎస్ తాగు, ఆ మందపాటి సూట్‌లో చెమటగా కూడా నీళ్ళు పోతాయి.

వరుసగా రెండు మూడు రోజులు వెళ్తే చాలామందికి ఒళ్ళు అలవాటు పడుతుంది, కానీ సెలవుకు ఇంటికి వచ్చిపోతే ఆ అలవాటు తగ్గుతుంది. కాబట్టి ప్రతిసారీ తిరిగి వెళ్ళిన మొదటి రోజున జాగ్రత్తగా ఉండు. వాతావరణం బాగాలేక పని ఆగిన రోజుల్లో గదిలో ఒంటరిగా పడుకోకుండా అక్కకు ఫోన్ చెయ్యి, ఆమెకూ అదే ధైర్యం.

పడవ ఎక్కిన మొదటి రోజే ఇది నీకు కొత్త అని పడవ నడిపే స్కిప్పర్‌తో చెప్పు. తల మొద్దుబారినట్టు అనిపిస్తే నిచ్చెన దగ్గరికి పోకముందే, "ఈసారి నేను నిచ్చెన ఎక్కను" అని స్పష్టంగా అను. అల్లం మురబ్బా డబ్బా ఒకటి అక్కకు ఇచ్చాను, సంచిలో పెట్టుకో.

మీ మామ