గేర్ ఆయిల్ తెల్లబడిన పడవను చలికాలానికి భద్రపరచడం

నమస్కారం. పడవను చలికాలమంతా ఆరుబయటే ఉంచబోతున్నారనీ, అవుట్‌బోర్డ్ ఇంజన్ (పడవ వెనుక బయటివైపు బిగించే ఇంజన్) గేర్ ఆయిల్ పాలలా తెల్లగా దిగిందనీ, పెట్రోలు ట్యాంకు ఖాళీ చేయాలా వద్దా అనీ అడిగారు. ముందుగా చూడవలసింది గేర్ ఆయిల్ సంగతే. దానిని వసంతకాలానికి వాయిదా వేయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆయిల్ తెల్లబడిందంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలు (నీరు లోపలికి రాకుండా ఆపే రబ్బరు వలయం) దగ్గరో, డ్రెయిన్ స్క్రూ వాషరు దగ్గరో నీరు లోపలికి చేరుతున్నదని అర్థం. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది కనుక, ఆ కాస్త నీరే అల్యూమినియం గేర్ కేసును పగలగొట్టగలదు. పాత ఆయిల్ పూర్తిగా దించి, ప్రొపెల్లర్ విప్పి, గాలపు దారమేదైనా షాఫ్ట్‌కు చుట్టుకుని సీలును కోసిందేమో పరిశీలించండి. తరచుగా దోషం అక్కడే దొరుకుతుంది. సీలు మార్చి, గేర్ కేసు కింది, పై రంధ్రాల రెండు స్క్రూలకూ కొత్త వాషర్లు సిద్ధం చేసుకుని, కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి ఎక్కిస్తూ పై రంధ్రంలో పొంగేవరకు నింపండి, ఎందుకంటే పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుపోతుంది.

ట్యాంకు ఖాళీ చేయనవసరం లేదు. పెట్రోలులో స్టెబిలైజర్ (నిల్వలో పెట్రోలు పాడవకుండా కాపాడే ద్రవం) కలిపి, గొట్టంతో నీరందిస్తూ ఇంజన్‌ను 10 నిమిషాలు నడిపితే, ఆ మిశ్రమం ఇంధన మార్గమంతటా చేరుతుంది. ఆ తరువాత ఇంజన్‌ను నిలువుగానే ఉంచండి. చల్లబరిచే నీరు దానంతటదే కారిపోతుంది, పైకెత్తి ఉంచితే మాత్రం వాననీరు ప్రొపెల్లర్ హబ్బులో నిలిచి గడ్డకట్టే ప్రమాదం ఉంది. బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేసి విప్పి లోపల పెట్టండి. పడవ డ్రెయిన్ ప్లగ్ తీసి, ముందుభాగాన్ని కాస్త ఎత్తుగా నిలపండి.