సిగ్నల్‌లో పంపితే పేరు బయటికి రాదా?

ఆఫీసులో తప్పుడు లెక్కల ఫైళ్లు దొరికాయి, వాటిని సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లో జర్నలిస్టుకు పంపితే నా పేరు బయటపడదు కదా అని అడిగారు. బయటపడొచ్చండీ. సిగ్నల్ మెసేజ్‌ని దారిలో ఎవరూ చదవలేరు, అంతవరకు నిజమే. 2016లో అమెరికాలో ఒక యూజర్ వివరాలివ్వమని గ్రాండ్ జ్యూరీ (నేర విచారణ బృందం) సమన్లు వచ్చినప్పుడు కూడా సిగ్నల్ వాళ్లు ఇవ్వగలిగింది ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ, అంతే. కానీ మీ గండం దారిలో లేదు, ఎవరు ఏ ఫైల్ తెరిచారో, ప్రింట్ తీశారో రాసిపెట్టే ఆఫీసు సిస్టమ్ లాగ్స్‌లో ఉంది. అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ రహస్య రిపోర్టును ఒక వార్తాసంస్థకు పంపిన రియాలిటీ విన్నర్ అనే కాంట్రాక్టు ఉద్యోగిని 2017లో అలాగే దొరికింది, ఆ రిపోర్టు ప్రింట్ తీసింది మొత్తం ఆరుగురే, వాళ్లలో ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆ వార్తాసంస్థకు ఈమెయిల్ చేసింది ఆమె ఒక్కతే. పైగా చాలా కలర్ లేజర్ ప్రింటర్లు కంటికి ఆనని పసుపు చుక్కల్లో తమ సీరియల్ నంబరు, తేదీ వేసేస్తాయి!

ఆఫీసు ఫోన్, వైఫై, ప్రింటర్ ముట్టుకోకండి. ఆ పత్రికకు సెక్యూర్‌డ్రాప్ (పేరు చెప్పకుండా ఫైళ్లు పంపే వ్యవస్థ) ఉంటే సొంత కంప్యూటర్‌లో, మీరెక్కడి నుంచి కనెక్ట్ అయ్యారో దాచే టోర్ బ్రౌజర్ నుంచి పంపండి.

ఇక ఆ ఫైళ్లలో కస్టమర్ల ఆరోగ్య వివరాలు కూడా ఉన్నాయన్నారు, నాకు అసలు టెన్షన్ అక్కడే. తప్పు చేసింది యాజమాన్యం, వాళ్లు కాదు. మోసాన్ని రుజువు చేసే పేజీలే తీసుకోండి, మొత్తం ఫోల్డర్ కాపీ చేస్తే చట్టపరంగానూ మీ వాదన బలహీనపడుతుంది. పంపేముందు ఒక లాయర్‌తో మాట్లాడండి, ఆ ఫోన్ కూడా ఆఫీసు నంబరు నుంచి వద్దు.