లాక్-ఆన్ ఆటలన్నీ ఒకే జానర్ అవుతాయా?

ప్రశ్న: నేను బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. గేమ్ డిజైనర్ కావాలనుకుంటున్నాను. శత్రువుపై గురిని లాక్ చేసి పోరాడే ఆటలన్నింటినీ ఒకే జానర్‌గా (ఆటల రకంగా) నిర్వచిస్తూ పోర్ట్‌ఫోలియో కోసం వ్యాసం రాస్తున్నాను. ఇది ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది, అయితే ఈ నిర్వచనంతో వెళ్తే మొదటి ప్రశ్నకే మీరు ఇరుకున పడతారు. 1994లో టైటో సంస్థ ఆర్కేడ్‌లకు (నాణెం వేసి ఆడే గేమ్ కేంద్రాలకు) తెచ్చిన రేఫోర్స్‌లోనూ, 1995లో సెగా సాటర్న్ గేమ్ కన్సోల్‌పై వచ్చిన పాంజర్ డ్రాగూన్‌లోనూ ఆటగాడు అనేక లక్ష్యాలను గుర్తించి పెట్టుకుని, ఆపైన వాటన్నింటిపైకీ లేజర్లను ఒక్కసారిగా వదులుతాడు. ఇంకా ఎంతసేపు ఆగి ఎన్నింటిని పోగుచేయవచ్చన్నదే అక్కడ అతని లెక్క. 1998లో నింటెండో 64 కన్సోల్‌పై వచ్చిన ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఓకరీనా ఆఫ్ టైమ్ సంగతి వేరు. దాని రూపకర్తలు క్యోటోలోని తోయెయ్ సినిమా పార్కులో ఒక ప్రదర్శన చూశారు. నింజా విసిరిన గొలుసు కొడవలిని సమురాయ్ చేతితో పట్టుకోగా, బిగిసిన గొలుసుతో నింజా అతని చుట్టూ తిరగడం వారికి దారి చూపింది. ఆటలో జెడ్ మీట నొక్కగానే అలాంటి కనబడని గొలుసే పడుతుంది: పక్కకు నడిస్తే శత్రువు చుట్టూ తిరిగినట్టవుతుంది, కెమెరా కూడా అతన్ని వదలదు. గురి సులువు కావడం ఇందులో చిన్న విషయమే, నడక అర్థమే మారిపోయింది.

కాబట్టి మీటను బట్టి కాక, ఆ మీట మార్చే కదలికను బట్టి నిర్వచించండి. 2011 నాటి డార్క్ సోల్స్‌లో భారీ శత్రువులు ఎదురైనప్పుడు కెమెరా ఇబ్బంది వల్ల చాలామంది లాక్‌ను వదిలేసి ఆడతారు. ఆ ఆటను మీ నిర్వచనపు హద్దు మీద నిలిపి, కారణం రాయండి. నా దృష్టిలో అలాంటి ఒక్క పేరా మిగతా వ్యాసమంత విలువ చేస్తుంది.

వ్యాసంతో పాటు యూనిటీ, గోడో వంటి గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఒక గది, ముగ్గురు శత్రువులతో చిన్న నమూనా చేయండి. మీట నొక్కితే లాక్ దగ్గరివాడిని పట్టాలా, తెర మధ్యకు చేరువగా ఉన్నవాడినా? స్తంభం చాటుకు పోతే లాక్ విడవాలా? శత్రువు చనిపోతే గురి తనంతట తానే మరొకరిపైకి దూకాలా? (తెర మధ్యకు ఎవరు చేరువో లెక్కించడానికి ఇంటర్‌లో బట్టీపట్టిన సదిశల అదిశా లబ్ధం పనికొస్తుంది.) నలుగురితో ఆడించి, ఏ నిర్ణయాన్ని ఎందుకు మార్చారో రెండు పేజీల్లో జతచేయండి. బీటెక్ తరువాత ఇదే చదవాలనుకుంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) బెంగళూరు ప్రాంగణంలో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎం.డిజైన్ కోర్సు ఉంది. దాని ప్రవేశ పరీక్షకు వెళ్లేటప్పుడు కూడా ఈ నమూనా మీ దగ్గర ఉండాలి.