బెట్టా చేపకి ఎక్కువ చాకిరీ లేని మొక్కల ట్యాంక్ ఎలా పెట్టాలి?

ముందు ఆ గుండ్రటి గాజు బౌల్ ఆలోచన మానేయండి. నీళ్ళు తక్కువైతే చెత్త త్వరగా పేరుకుంటుంది, అంటే పని మీకే ఎక్కువ, కాబట్టి కనీసం 20 లీటర్ల ట్యాంక్ తీసుకోండి. మూత కావాలి, బెట్టా ఎగిరి బయటపడిపోతుంది, పైన కొంచెం ఖాళీ కూడా వదలండి ఎందుకంటే అది పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది.

మొక్కల్లో అనుబియాస్, జావా ఫెర్న్ చాలు. వీటి లావుపాటి అడ్డ కాండం ఇసుకలో పాతేస్తే కుళ్ళిపోద్ది, రాయికో చెక్కకో దారంతో కట్టేయండి, వేర్లు అవే పట్టుకుంటాయి. లైట్ టైమర్ పెట్టి రోజుకి 6-8 గంటలు, అంతకు మించితే నాచు పట్టేస్తుంది.

అసలు అందరూ తొందరపడేది సైక్లింగ్ దగ్గరే, అంటే చేపని వేసే ముందు ట్యాంక్‌లో మంచి బాక్టీరియాని పెంచడం. చేప వ్యర్థాల నుంచి, కుళ్ళే ఫుడ్ నుంచి అమ్మోనియా వస్తుంది, దాన్ని బాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి, మొదటి రెండూ చేపకి విషమే, ఆ బాక్టీరియా పెరగడానికి మామూలుగా 4-6 వారాలు పడుతుంది. అప్పటిదాకా చేప లేకుండానే రోజూ చిటికెడు ఫుడ్ వేస్తూ టెస్ట్ కిట్‌తో చూస్కోండి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే చేపని తెండి.

స్పాంజ్ ఫిల్టర్ నీళ్ళు మెల్లగా పారేలా పెట్టండి, పెద్ద రెక్కలతో పాపం బెట్టా గట్టి ప్రవాహంలో ఈదలేదు. హీటర్ 26 డిగ్రీలు. ఇక వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చడమే, కుళాయి నీళ్ళైతే క్లోరిన్ పోయే మందు కలిపి పోయండి. ఇంకో మగ బెట్టాని మాత్రం తేవద్దు, కొట్టుకు చస్తాయి.