మెకానిక్ కుర్రాడికీ ఎరాస్మస్ ఉందండీ

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. యూరప్‌లో ఉంటున్న మన పిల్లలు చదువు మధ్యలోనో, పని నేర్చుకుంటూనో కొన్నాళ్లు పక్క దేశానికి వెళ్లిరావడం ఎలా, డబ్బెవరు ఇస్తారు, తిరిగొచ్చాక ఆ చదువు చెల్లుతుందా అని. ఇలా వెళ్లిరావడానికి డబ్బిచ్చే యూరోపియన్ యూనియన్ పథకమే ఎరాస్మస్, ఇప్పటి పేరు ఎరాస్మస్ ప్లస్. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఐదు తీసుకున్నాను.

మేం స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. పక్కింటివాళ్ల అమ్మాయి యూనివర్సిటీ నుంచి ఎరాస్మస్ మీద స్పెయిన్ వెళ్లొచ్చింది. మావాడు కార్ల మెకాట్రానిక్స్‌లో ఆస్‌బిల్డుంగ్ (వర్క్‌షాప్‌లో పనిచేస్తూ స్కూల్లోనూ చదివే వృత్తి శిక్షణ) రెండో ఏడాది. వాడికీ వెళ్లాలని ఉంది. ఓనర్‌ని అడిగితే "నువ్వెళ్తే ఇక్కడ పని ఎవరు చేస్తారు?" అన్నాడట. ఇవన్నీ యూనివర్సిటీ పిల్లలకేనా? — ఒక అమ్మ

కాదమ్మా, మీవాడికీ దారి ఉంది. ఎరాస్మస్ ప్లస్‌లో వృత్తి శిక్షణలో ఉన్నవాళ్లకి విడిగా నిధులున్నాయి. 10 రోజుల నుంచి 89 రోజుల దాకా చిన్న ట్రిప్, 90 రోజుల నుంచి ఏడాది దాకా పెద్ద ట్రిప్. పైగా జర్మనీ చట్టం 2005 నుంచీ ఒక మాట చెబుతోంది, ఆస్‌బిల్డుంగ్ మొత్తం కాలంలో నాలుగో వంతు దాకా విదేశంలో చేయొచ్చని. మీవాడి కోర్సు మూడున్నరేళ్లు కాబట్టి లెక్క ప్రకారం పదిన్నర నెలల దాకా వెళ్లొచ్చు. అది సెలవు కింద రాదు, శిక్షణలో భాగమే. అందుకే ఆ నెలల్లో కూడా ఓనర్ ఇచ్చే శిక్షణ భత్యం ఆగదు.

ఓనర్‌కి నొప్పి పుట్టేదీ అక్కడేనండీ. నలుగురు పనిచేసే చిన్న వర్క్‌షాప్‌లో ఒకడు లేకపోతే ఆ పని మిగతా ముగ్గురి మీద పడుతుంది, జీతం మాత్రం ఇవ్వాలి. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, ఆయనకి వీలయ్యేలా అడగాలి. ఒకేసారి ఆరు నెలలు అనకుండా మూడు నాలుగు వారాలు అడగమనండి. అక్టోబర్‌లో, ఈస్టర్ అటూ ఇటూ టైర్లు మార్చే సీజన్‌లో మాత్రం ఆ ఊసే ఎత్తొద్దు, అప్పుడు ఏ గ్యారేజీలోనైనా ఊపిరాడదు. ఇంకొకటి, రెండో ఏడాది పూర్తయ్యేలోపు గెజెల్లెన్ పరీక్ష, అంటే ఈ శిక్షణకి పట్టా ఇచ్చే పరీక్ష, మొదటి భాగం ఉంటుంది, అది అయ్యాక వెళ్తే వాడికీ టెన్షన్ ఉండదు, ఓనర్‌కీ ధైర్యంగా ఉంటుంది.

దరఖాస్తు మీవాడు నేరుగా పెట్టడానికి లేదు. స్కూలో, ఛాంబరో (ఆ వృత్తి వ్యాపారుల మండలి, శిక్షణని పర్యవేక్షించేది అదే), అలాంటి సంస్థ ఒకటి నిధులు తెచ్చుకుని పిల్లల్ని పంపుతుంది. అందుకని ముందు బెరూఫ్స్‌షూలెలో, అంటే వృత్తి విద్యా స్కూల్లో, క్లాస్ టీచర్‌ని "మన స్కూల్‌కి ఎరాస్మస్ ఉందా?" అని ఒక్క ముక్క అడగమనండి. లేదంటే ఛాంబర్‌కి ఫోన్ చేయండి. ఈ పనికోసమే జర్మనీలో చాలా ఛాంబర్లలో సలహాదారులున్నారు, ఓనర్‌తో మాట్లాడటం కూడా వాళ్ల పనే. ఎనిమిది వారాలు దాటి ఉండాలంటే ఛాంబర్‌తో కూర్చుని శిక్షణ ప్లాన్ రాసుకోవాలి, అంతకంటే తక్కువైతే ఆ తతంగం లేదు. శిక్షణ డైరీ, అదే బెరిష్ట్‌హెఫ్ట్, అక్కడ ఉన్నప్పుడు కూడా ఏ వారానికావారం రాయాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు అక్కడ ఏం నేర్చుకున్నాడో రాసిచ్చే యూరోపాస్ మొబిలిటీ పత్రం తెచ్చుకోవాలి. అందులో "గ్యారేజీలో ప్రాక్టీస్ చేశాడు" అని ఒక్క లైన్ రాయించుకుంటే ఎందుకూ పనికిరాదు. బ్రేక్ కాలిపర్ విప్పి బిగించాడు, ఫలానా డయాగ్నస్టిక్ పరికరంతో లోపం పట్టాడు, కస్టమర్ దగ్గర కారు తీసుకుని రాతకోతలు చేశాడు అని పని పనిగా రాయించుకోవాలి. రేపు ఇంకో ఓనర్ చదివేది ఆ లైన్లే.

వెళ్తే నేర్చుకునేది ఏముంటుందని కొందరు ఓనర్లు అంటారు. పాడైన పార్ట్ తీసి కొత్తది పెట్టడం అలవాటైన కుర్రాడు, అదే పార్ట్ విప్పి బాగుచేసి మళ్లీ బిగించే వర్క్‌షాప్‌లో నెల రోజులు నిలబడితే వాడి చేతికి వచ్చే పని వేరు. భాష సరిగ్గా రాని చోట సైగలతో, డ్రాయింగ్‌తో పని చక్కబెట్టుకొచ్చినవాడు తిరిగొచ్చి కస్టమర్‌తో మాట్లాడే తీరు కూడా మారుతుంది.

ఒక విషయం మాత్రం నాకు మింగుడుపడదు. 2030 నాటికి ఎంతమంది వెళ్లిరావాలో యూరోపియన్ యూనియన్ దేశాలు 2024 మేలో లక్ష్యం పెట్టుకున్నాయి. డిగ్రీ పట్టా పుచ్చుకునేవాళ్లలో 23 శాతం, వృత్తి శిక్షణవాళ్లలో 12 శాతం. యూనియన్ తరఫున ప్రతిపాదనలు పెట్టే యూరోపియన్ కమిషన్ అడిగింది 25, 15. దేశాలు కూర్చుని రెండూ తగ్గించాయి, అందులో ఎక్కువ కోత పడింది మెకానిక్కులకి, వంటవాళ్లకి, నర్సింగ్ సహాయకులకి. విదేశం వెళ్లే అవకాశం సొంతంగా ఎప్పటికీ రానివాళ్లు వీళ్లే కదా!

మిలన్‌లో బ్యాచిలర్స్ రెండో ఏడాది. నా పాస్‌పోర్ట్ ఇండియాది, ఇటలీ రెసిడెన్స్ పర్మిట్ మీద ఉన్నాను. లిస్బన్‌లో ఒక సెమిస్టర్ చేయాలని ఉంది. నాకు అర్హత ఉందా? అక్కడ పాసైన సబ్జెక్టులు ఇక్కడ చెల్లవంటే నా ఏడాది పోయినట్టేనా? గ్రాంట్ లేటుగా వస్తుందని సీనియర్లు భయపెడుతున్నారు. — ఒక విద్యార్థిని

పాస్‌పోర్ట్ గురించి బెంగ వద్దమ్మా. యూనివర్సిటీ ఎరాస్మస్‌లో నువ్వు ఏ దేశం పౌరురాలివి అని చూడరు, ఎరాస్మస్ ఉన్న యూనివర్సిటీలో చదువుతున్నావా లేదా అనే చూస్తారు. పర్మిట్ సంగతికొస్తే, విద్యార్థులపై 2016 నాటి యూరోపియన్ ఆదేశం ప్రకారం ఇలాంటి కార్యక్రమంలో ఉన్నవాళ్లు ఒక దేశం ఇచ్చిన విద్యార్థి పర్మిట్ మీదే ఇంకో దేశంలో 360 రోజుల దాకా చదువుకోవచ్చు. డెన్మార్క్, ఐర్లండ్ ఇందులో లేవు, ఇటలీ పోర్చుగల్ రెండూ ఉన్నాయి. అయితే నీది విద్యార్థి పర్మిటా, మీ నాన్నగారి మీద ఆధారపడిన కుటుంబ పర్మిటా అన్నది చూసుకో. కుటుంబ పర్మిట్ అయితే ఈ వెసులుబాటు వర్తించదు, లిస్బన్ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి ముందే రాసి కనుక్కో. నీ పర్మిట్ గడువు నువ్వు అక్కడ ఉన్నప్పుడు అయిపోతుందేమో కూడా చూసుకో, మధ్యలో రెన్యూవల్ పడితే నానా తిప్పలూ పడాలి.

చెల్లుబాటు భయం కొత్తదేమీ కాదు, అసలు ఈ పథకం పుట్టిందే ఆ భయంలోంచి. సోఫియా కొరాదీ అనే ఇటలీ విద్యార్థిని 1957లో ఫుల్‌బ్రైట్ అనే అమెరికా స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లి లా మాస్టర్స్ చేసి వస్తే, రోమ్‌లో ఆ చదువు లెక్కలోకి రాదు పొమ్మన్నారు. ఆ అవమానం ఆవిడ మర్చిపోలేదు. 1969 నుంచి అధికారుల వెంటపడుతూ వచ్చింది. చివరికి 1987లో ఎరాస్మస్ మొదలైంది, మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు వెళ్లారు. ఇప్పుడు 27 యూనియన్ దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టెయిన్, సెర్బియా, నార్త్ మాసిడోనియా, టర్కీ కూడా పూర్తి భాగస్వాములు. ఆవిడకి లేనిది నీకు ఒకటుంది, లెర్నింగ్ అగ్రిమెంట్.

దాన్ని ఏదో ఫారం అనుకుని సంతకం పెట్టి పడేయకు. అక్కడ ఏ సబ్జెక్ట్ చదువుతావు, దానికి ఎన్ని క్రెడిట్లు, ఇక్కడ అది దేని బదులు చెల్లుతుంది అని లైన్ లైన్‌గా రాసి నువ్వు, మిలన్, లిస్బన్ ముగ్గురూ సంతకాలు పెట్టాలి. ఏడాదికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కి 30, ఒక్కో క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. సంతకాలు పడ్డాక నువ్వు పాసైతే "మా సిలబస్‌తో సరిపోలేదు" అని ఇక్కడి ప్రొఫెసర్ అనడానికి వీల్లేదు. చిక్కంతా ఎక్కడొస్తుందంటే, అక్కడికి వెళ్లాక ఒక సబ్జెక్ట్ ఈ సెమిస్టర్‌లో లేదంటారు, లేదా రెండు క్లాసులు ఒకే టైమ్‌లో పడతాయి, పిల్లలు చటుక్కున ఇంకో సబ్జెక్ట్‌లో చేరిపోయి అగ్రిమెంట్ మార్చడం మర్చిపోతారు. మొదటి వారాల్లోనే మార్పు రాయించి మళ్లీ మూడు సంతకాలూ తెచ్చుకో. సిలబస్ పీడీఎఫ్‌లు దాచుకో. ఫలితాలు వచ్చిన ఐదు వారాల్లోపు మార్కుల పత్రం పంపాల్సింది లిస్బన్, పంపకపోతే మొహమాటపడకుండా మెయిల్ చేయి.

డబ్బు సంగతి మాత్రం మీ సీనియర్లు చెప్పింది కొంత నిజమే. అక్కడ ఫీజు కట్టక్కర్లేదు, కానీ గ్రాంట్ అద్దెకీ తిండికీ పూర్తిగా సరిపోతుందనుకోకు. లిస్బన్‌లో గది దొరకడమే గగనం. పైగా అద్దె, అడ్వాన్స్ వెళ్లకముందే కట్టాలి, గ్రాంట్‌లో పెద్ద వాటా బయల్దేరే ముందు వచ్చినా మిగతాది తిరిగొచ్చి రిపోర్ట్ ఇచ్చాకే. ఇంట్లో ఇబ్బంది ఉన్నవాళ్లకి నెలకి 250 యూరోలు అదనంగా ఇచ్చే ఏర్పాటు ఉంది, దానికి అర్హులెవరో ఒక్కో దేశం ఒక్కోలా తేలుస్తుంది. ఇటలీలో ఫీజు తగ్గింపు కోసం చేయించుకునే, కుటుంబ ఆదాయం ఆస్తి లెక్క చూపే ఐఎస్ఈఈ సర్టిఫికెట్ ఉంటుంది కదా, దాన్ని ఇప్పుడే తాజాగా చేయించుకో. మీ యూనివర్సిటీ ఆఫీస్‌లో అదనపు సాయం అడిగేటప్పుడు మొదట అడిగేది అదే.

అసలు ఈ డబ్బు ముందే మొత్తం ఇవ్వాలని నేను గట్టిగా అంటాను. ఉన్నవాళ్లు రెండు నెలల అద్దె జేబులోంచి కట్టి తర్వాత రాబట్టుకుంటారు, లేనివాళ్లు దరఖాస్తే పెట్టరు. వాళ్లు ఏ లెక్కల్లోనూ కనపడరు.

మేం మాంచెస్టర్‌లో ఉంటాం. బ్రిటన్ పిల్లలకి ఎరాస్మస్ పోయినట్టేనా?

తిరిగొస్తోంది. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ బయటికొచ్చి ట్యూరింగ్ పథకం పెట్టుకుంది, అది బయటికి వెళ్లేవాళ్లకి డబ్బిస్తుంది కానీ అటునుంచి వచ్చేవాళ్లకి ఇవ్వదు. 2027లో ఎరాస్మస్ ప్లస్‌లో మళ్లీ చేరుతున్నామని ప్రభుత్వం 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. మీ పిల్లలు ఇప్పుడు మొదటి ఏడాదిలో ఉంటే కాలేజీ ఆఫీస్‌లో పేరు చెప్పి ఉంచండి.

రొమేనియా, బల్గేరియా, గ్రీస్ పిల్లలు చదువుకుని వెళ్లిపోతున్నారు, తిరిగి రావడం లేదు. ఈ మొబిలిటీ (చదువుకో పనికో దేశం దాటి వెళ్లిరావడం) పేరుతో పేద దేశాలు పెంచిన పిల్లల్ని డబ్బున్న దేశాలకి అప్పజెప్పడమే కదా జరుగుతున్నది? — బ్రస్సెల్స్ నుంచి ఒక పాఠకుడు

మీ బాధలో నిజం ఉందండీ. కాకపోతే రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. ఉద్యోగం కోసం వెళ్లి స్థిరపడటం ఒకటి, చదువులో భాగంగా వెళ్లి క్రెడిట్లతో తిరిగిరావడం ఇంకొకటి. రెండోదానిలో పిల్లవాడు డిగ్రీ తీసుకోవాలంటే సొంత కాలేజీకి రావాల్సిందే. వచ్చాక ఏముంది అన్నదే అసలు ప్రశ్న.

2023లో 15 నుంచి 29 ఏళ్లవాళ్లలో అటు చదువూ ఇటు పనీ శిక్షణా ఏదీ లేనివాళ్లు యూనియన్ మొత్తం మీద 11.2 శాతం. నెదర్లాండ్స్‌లో ఇది 5 శాతం లోపు, రొమేనియాలో 19 శాతం పైన. ఇంత తేడా ఉన్నప్పుడు ఎవరైనా ఎటు నడుస్తారో చెప్పక్కర్లేదు. 2013లో గ్రీస్, స్పెయిన్‌లలో పని వెతుక్కునే పాతికేళ్లలోపు వాళ్లలో సగానికి పైగా నిరుద్యోగులే. ఆ ఏడాదే యూత్ గ్యారంటీ తెచ్చారు, చదువో ఉద్యోగమో పోయిన నాలుగు నెలల్లోపు ఏదో ఒక మంచి అవకాశం చూపించాలని. 2020లో దాన్ని 30 ఏళ్లలోపు వాళ్లందరికీ పెంచారు. మాట బాగుంది. కానీ ఆ "అవకాశం" రెండు వారాల కంప్యూటర్ కోర్సు అయితే కుర్రాడు మళ్లీ అదే ఇంట్లో అదే కుర్చీలో కూర్చుంటాడు.

నాకు నచ్చిన ప్రయత్నం ఆల్మా అనే యూనియన్ పథకం. 18 నుంచి 29 ఏళ్ల మధ్య, చదువూ పనీ లేని పిల్లల్ని రెండు నుంచి ఆరు నెలలు ఇంకో దేశంలో పనికి పెడతారు. వెళ్లేముందు తయారుచేస్తారు, అక్కడ ఒక మనిషి తోడుంటాడు, తిరిగొచ్చాక సొంత ఊళ్లో ఉద్యోగమో చదువో దొరికేదాకా కూడా వదలరు. ఆ చివరి భాగం మిగతా పథకాల్లో బొత్తిగా లేదు, విమానం దిగగానే ఫైల్ మూసేస్తారు. ఇంకో మాట కూడా అనాలి. బస్సు రోజుకి రెండుసార్లు వచ్చే పల్లెలో ఉన్న పిల్లకి పక్క దేశం కంటే ముందు పక్క పట్నంలోని వృత్తి విద్యా పాఠశాల అందాలి. బస్సు పాస్‌కీ హాస్టల్‌కీ ఖర్చుపెట్టడం కూడా మొబిలిటీయే అని ఆ ప్రభుత్వాలు ఒప్పుకోవాలి. అది చేయకుండా యువత వెళ్లిపోతోందని బాధపడితే ఏం లాభం?

డబ్లిన్. మా అమ్మాయికి 18 నిండాయి. కాలేజీకి ముందు ఒక ఏడాది ఆగి వాలంటీర్‌గా వెళ్తానంటోంది. ఏడాది వృథా కాదా? ఖర్చు మేమే భరించాలా? — ఒక నాన్న

వృథా కాదండీ, ఖర్చు కూడా మీరనుకున్నంత ఉండదు. యూరోపియన్ సాలిడారిటీ కోర్ అనే యూనియన్ పథకంలో 18 నుంచి 30 ఏళ్లవాళ్లు రెండు నెలల నుంచి ఏడాది దాకా వాలంటీర్‌గా చేయొచ్చు. ప్రయాణం, బస, భోజనం, బీమా వాళ్లవే, కొంచెం చేతి ఖర్చులకి కూడా ఇస్తారు. డిస్కవర్ ఈయూ వేరు, దాన్ని దీన్ని కలపకండి. అది 18 ఏళ్లవాళ్లకి రైలు పాస్ ఇచ్చి నెల రోజుల దాకా తిరిగి రమ్మనేది, బసకీ తిండికీ మీరే పెట్టుకోవాలి.

మీరు చూడాల్సింది ఆమె వెళ్లే సంస్థని. ఆ సంస్థకి క్వాలిటీ లేబుల్ (వాలంటీర్లని తీసుకోవడానికి ఈ పథకం ఇచ్చే గుర్తింపు) ఉందా, వారానికి ఎన్ని గంటల పని, గదిలో ఎంతమంది, ఏదైనా ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చేయాలి, ఈ నాలుగూ అమ్మాయి చేతే మెయిల్ రాయించి అడిగించండి. సరిగ్గా జవాబివ్వని చోటికి పంపొద్దు, ఇంకో సంస్థ చూసుకోమనండి.