గద్వాల ఇంటి ఫోన్ లైనుకు నెట్ పెట్టించే ముందు

బిడ్డా,

నిన్న నువ్వు ఫోనులో అడిగిన దానికి ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. తాతయ్య పెట్టించిన ల్యాండ్‌లైను గద్వాల ఇంట్లో ఇంకా మోగుతోంది కదా, దాని మీదే వేగంగా నడిచే నెట్ పెట్టించుకుంటే చీరల వ్యాపారానికి సరిపోతుందా అన్నావు. ముప్పై ఏళ్లకు పైగా నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ టెలిఫోన్ లైన్ల మీద పనిచేసినవాణ్ని. నిచ్చెన దిగి ఇన్నేళ్లయినా, దారిలో డీపీ, అంటే ఇళ్లకు ఫోను తీగలు పంచే పెట్టె, మూత ఊడి కనిపిస్తే ఇప్పటికీ నా కాలు ఆగిపోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నెట్ కావాలని వెళ్లేవాళ్లు మొదట అడిగేది ప్లాను గురించే. నువ్వు మాత్రం మొదట తీగ గురించి అడుగు. ఎక్స్ఛేంజిలో ఎండీఎఫ్ అనే పెద్ద ఇనుప చట్రం ఉంటుంది. ఊళ్లోని తీగలన్నీ అక్కడి నుంచే బయలుదేరతాయి. నేలలోని కేబులు రోడ్డు పక్క పిల్లరు అనే పెద్ద పెట్టెకు, పిల్లరు నుంచి వీధిలోని డీపీకి, డీపీ నుంచి డ్రాప్ వైరుగా మన గోడకు వచ్చి, చివరికి రోజెట్ అనే గోడ పెట్టెలో ఆగుతుంది. ఈ దారిలో ప్రతి మలుపులో ఒక జాయింటు. గద్వాల చీరలో నూలు ఒడలికి పట్టు అంచు కలిపే చోటే నేతగాడి చెయ్యి తెలుస్తుందని మీ అమ్మ చెప్పేది. లైనులోనూ అంతే. తీగ అరుదుగా చెడుతుంది, జాయింటు చెడుతుంది.

ఫోను బాగా మోగుతోంది కాబట్టి లైను బాగున్నట్టే కదా అనుకోకు. మనిషి గొంతుకు 4 కిలోహెర్ట్జ్ లోపలి దారి, అంటే తక్కువ పౌనఃపున్యాలు, చాలు. రాగి తీగ మీద వచ్చే ఏడీఎస్ఎల్ నెట్ దానికి పైన, 25 కిలోహెర్ట్జ్ నుంచి 1.1 మెగాహెర్ట్జ్ దాకా నడుస్తుంది. తర్వాత వచ్చిన ఏడీఎస్ఎల్2+ అయితే 2.2 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. అందుకే ఒకే తీగ మీద ఫోనూ నెట్టూ ఒకేసారి సాగుతాయి. కానీ పై దారిలో పోయేది దూరం పెరిగేకొద్దీ తొందరగా నీరసిస్తుంది. తుప్పు పట్టిన జాయింటు గుండా మాట ఎలాగో దూరి వస్తుంది, నెట్ మాత్రం అక్కడే చతికిలబడుతుంది. ఏడీఎస్ఎల్2+ వేగం కాగితం మీద 24 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 24 మెగాబిట్లు. మంచి తీగ ఉండి, ఎక్స్ఛేంజికి కిలోమీటరు లోపల ఉన్నవాళ్లకు దాని దరిదాపుల్లో వస్తుంది. మూడు కిలోమీటర్లకు ఏడో ఎనిమిదో వస్తే అదృష్టం. ఐదు దాటితే ఆశ వదులుకోవలసిందే. ఇది తీగ నడిచే దూరం, నువ్వు స్కూటీ మీద కొలిచే దూరం కాదు. పిల్లరు అవతలి వీధిలో ఉంటే తీగ అంత చుట్టూ తిరిగి వస్తుంది.

బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైన 2005 ప్రాంతంలో మా లెక్క ప్రకారం 256 కేబీపీఎస్, అంటే ఒక ఎంబీపీఎస్‌లో పావు వంతు, వస్తే అది బ్రాడ్‌బ్యాండే. 2004 విధానంలో ప్రభుత్వం పెట్టిన కనీసం అదే. అంతకుముందు డయలప్‌తో, ఫోను ఎంగేజ్ చేసుకుని నెట్ చూసినవాళ్లకు అదే పెద్ద పండగ. ఆ కనీసాన్ని 2023లో 2 ఎంబీపీఎస్ చేశారు. నీ పనికి అదీ చాలదు. ఎందుకో చెబుతాను, ఇది జాగ్రత్తగా చదువు.

ఏడీఎస్ఎల్ పేరులోని మొదటి అక్షరానికే అసమానం అని అర్థం. మన దగ్గరికి వచ్చే దారి వెడల్పు, మన దగ్గరి నుంచి పోయే దారి ఇరుకు. కిందికి 15 ఎంబీపీఎస్ వచ్చే లైనులో కూడా పైకి ఒక ఎంబీపీఎస్ పోతే గొప్ప. సినిమాలు చూసుకునే ఇంటికి అది చాలు. నీ వ్యాపారం దానికి తలకిందులు, నువ్వు పంపేదే ఎక్కువ. కొత్తగా 40 చీరలు మగ్గం దిగాయనుకో. ఒక్కోదానికి అంచు, కొంగు, మడత, పరిచినది కలిపి ఐదు ఫొటోలు, ఒక్కో ఫొటో 4 మెగాబైట్లు. మొత్తం 800 మెగాబైట్లు. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి, పైకి ఒక ఎంబీపీఎస్ పోయే లైనులో అవి వెళ్లడానికి గంటా ముప్పావు పడుతుంది. పైకి 40 ఎంబీపీఎస్ ఇచ్చే ఫైబరులో, అంటే రాగికి బదులు వెలుగును మోసే గాజు పోగులో, మూడు నిమిషాలు కూడా పట్టదు. ఇక రాత్రిపూట అమెరికా వాళ్లకు వీడియోలో చీర పరిచి చూపిస్తావు చూడు, అక్కడ జరీ అలికినట్టు కనిపిస్తే కొనేవాళ్లకు నమ్మకం కుదరదు. స్పష్టమైన వీడియోకు పైకి రెండు మూడు ఎంబీపీఎస్ నిలకడగా పోవాలి. నిలకడగా అన్న మాట మరిచిపోకు.

అందుకని నా మాట ఇది. ముందు గద్వాల ఎక్స్ఛేంజికి నువ్వే స్వయంగా వెళ్లు. మన వీధికి ఫైబరు వచ్చిందా అని అడుగు. వచ్చి ఉంటే రాగి తీగ జోలికి పోకుండా ఫైబరే తీసుకో. జీవితమంతా రాగితో పనిచేసిన నేను ఈ మాట రాయడం నాకు కొంచెం కష్టంగానే ఉంది, అయినా నీ మేలు కోసం రాయాలి. ఫైబరులో పోయేది వెలుగు. ఇరవై కిలోమీటర్ల దాకా దూరం దాన్ని ఏమీ చేయదు, ఉరుము మెరుపుల సందడి అందులోకి దూరదు. ఎక్స్ఛేంజి నుంచి ఒక పోగు వచ్చి, 32 లేదా 64 ఇళ్లకు పాయలుగా చీలుతుంది. నాసి జాయింట్ల బాధ అక్కడా ఉంది, కానీ ఆ జాయింట్లను యంత్రంతో కరిగించి అతుకుతారు. మా రోజుల్లోలా చేత్తో మెలితిప్పి టేపు చుట్టే పని కాదు.

తాతయ్య నంబరు సంగతి మరిచిపోవద్దు. చీరల సంచుల మీద అదే అచ్చై ఉంది, పాత ఖాతాదారులకు అదే నోటికి వస్తుంది. ఉన్న సంస్థలోనే ఫైబరుకు మారితే ఆ నంబరునే కొనసాగించమని దరఖాస్తులో రాయించు, నోటి మాటతో వదిలేయకు. వేరే సంస్థకు పోతే మొబైలు నంబరులాగా అది నీ వెంట రాదు. ఇంకొక తేడా కూడా తెలుసుకో. పాత ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి 48 వోల్టులుగా తీగ మీదే వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. ఫైబరు పెట్టె మన ఇంటి కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే నెట్టూ ఫోనూ రెండూ పోతాయి. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొని దానికి తగిలించు. వేసవి రాత్రి బేరం మధ్యలో తెగకుండా ఉంటుంది.

ఫైబరు ఇంకా రాలేదన్నారనుకో. అప్పుడు రాగి లైను మీదే తీసుకో, కానీ ఇంటి లోపలి తీగను నువ్వు బాగుచేసుకున్నాకే. ఆ ఇంట్లో కిందా పైనా ఫోన్లున్నాయి, మధ్యలో బాబాయి ఎప్పుడో లాగిన వైర్లున్నాయి. వాటన్నిటినీ ఊడదీయించు. బయటి నుంచి వచ్చే వైరు మొదట స్ప్లిటరుకు, అంటే ఫోను మాటనూ నెట్‌నూ విడదీసే చిన్న పెట్టెకు, రావాలి. స్ప్లిటరు నుంచి ఒకటి మోడెముకు, ఇంకొకటి ఫోన్లకు పోవాలి. స్ప్లిటరుకు ముందే పాయ తీసి ఎక్కడో మూలన ఒక ఫోను తగిలించి ఉంటే, ఆ ఫోను మోగినప్పుడల్లా నెట్ తెగుతుంది. మా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో ఎన్నో ఇలా తేలినవే. లైను శుభ్రంగా ఉందో లేదో నీ చెవితోనే తెలుసుకోవచ్చు. ఫోను ఎత్తి ఏదో ఒక అంకె నొక్కు, డయల్ టోన్ ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో గరగర వినిపిస్తే ఎక్కడో జాయింటులో తేమ ఉన్నట్టు. వాన పడిన మర్నాడు ఈ పరీక్ష చెయ్యి.

బ్రౌజరులో తెరుచుకునే మోడెము లోపలి పేజీలో రెండు సంఖ్యలు ఉంటాయి, రొదను తట్టుకోవడానికి సంకేతానికి మిగిలిన బలం చెప్పే ఎస్ఎన్ఆర్ మార్జిన్ ఒకటి, దారిలో సంకేతం ఎంత తగ్గిందో చెప్పే అటెన్యుయేషన్ ఒకటి. మొదటిది ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. 6 డెసిబెల్స్ కంటే దిగితే లైను తరచూ తెగుతుంది, 10 పైన ఉంటే నిశ్చింత. రెండోది తక్కువ ఉండాలి. 30 లోపు ఉంటే మంచి లైను, 60 దాటితే ఆ లైను మీద ఏ ప్లాను తీసుకున్నా దండగే.

మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు ఆఫీసు ఉండేది. రోజూ పొద్దున పదింటికి వాళ్ల నెట్ పోయేది, మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చేది. మోడెము రెండుసార్లు మార్చాం, డీపీ మార్చాం. నేను నాలుగు రోజులు తిరిగాను. చివరికి ఒక రోజు ఆ గదిలోనే కూర్చుని చూస్తే, మిల్లు మోటారు నడవడం మొదలైన నిమిషానికే మోడెము దీపం ఆరిపోయింది. ఫోను వైరును మోటారుకు వెళ్లే త్రీ ఫేజ్ కేబులుకు కట్టి, ఒకే గొట్టంలో లాగారు. వైరును అవతలి గోడ మీదుగా మళ్లించగానే రోగం కుదిరింది. నీ వరండాలో మోటారు స్విచ్చు పక్కనుంచే ఫోను వైరు వెళుతుందని గుర్తు. ముందు దాన్ని విడదీయించు.

పిడుగుల కాలంలో మోడెముకు వచ్చే ఫోను వైరునూ కరెంటు ప్లగ్గునూ రెండింటినీ పీకెయ్యి. ఒకటి పీకి ఇంకోటి వదిలేస్తే లాభం లేదు. ఫైబరు అయినా కరెంటు ప్లగ్గు పీకాలి.

వైఫై గురించి కొంచెం. ఆ ఇంటి రాతి గోడలు వెడల్పు, 5 గిగాహెర్ట్జ్ సంకేతం వాటిని దాటలేదు. రౌటరును బీరువా వెనక దాచకు. చీరలు పరిచి వీడియో తీసే గదిలోనే పెట్టు, లేదా అక్కడిదాకా ఒక లాన్ వైరు లాగించు. వంద మీటర్ల దాకా అది ఏ లోటూ లేకుండా పనిచేస్తుంది.

ఇక ప్లాను. పైకి పోయే వేగం ఎంతో అడుగు. ఎంత డేటా దాటాక వేగం తగ్గిస్తారో, తగ్గాక ఎంత మిగులుతుందో అడుగు. వాళ్లు చెప్పే అద్దెకు 18 శాతం జీఎస్టీ కలుపుకుని లెక్క చూడు. స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పుడూ మారని నెట్ చిరునామా, అంటగట్టబోతే వద్దను, నీకు దానితో పనిలేదు. లైను చెడితే ఫిర్యాదు ఇచ్చి, దానికి వాళ్లిచ్చే డాకెట్ నంబరు రాసుకో. పరిష్కారం కాకపోతే అదే నంబరుతో అప్పిలేట్ అథారిటీకి, అంటే ఆ సంస్థలోనే ఫిర్యాదుల మీద అప్పీలు వినే అధికారికి, రాయొచ్చు. నంబరు లేని ఫిర్యాదు గాలికి పోతుంది. లైన్‌మ్యాన్ ఎండన పడి వస్తే ముందు మంచినీళ్లివ్వు, ఆ తర్వాతే మాట్లాడు. పిల్లరు దగ్గర చేతులు కాల్చుకునే పని నాకు తెలుసు.

ఫైబరు బిగించే రోజున మాత్రం నాకు తప్పక ఫోను చెయ్యి. వాళ్ల దగ్గర వెలుగు కొలిచే మీటరు ఉంటుంది, మన ఇంట్లోకి ఎంత చేరిందో డీబీఎం అనే కొలతలో మైనస్ గుర్తుతో చూపిస్తుంది. మైనస్ 20 దగ్గర ఉంటే మంచిది. మైనస్ 27 దాటి ఇంకా కిందికి పోతే పెట్టె మీద ఎర్రదీపం వెలగడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఆ సంఖ్య నాకు చదివి చెప్పు. మైనస్ 25 కంటే దిగి ఉంటే సంతకం పెట్టకుండా ఫోను ఆ అబ్బాయి చేతికివ్వు, నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న,
నల్లగొండ