ముందు ఎవరికి తెలియాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కంపెనీల కమ్యూనికేషన్స్ విభాగాల్లో పనిచేసేవాళ్ళవే. నేను ఇన్నేళ్ళూ చేసిన ఉద్యోగం కూడా అదే కాబట్టి, మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈసారి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడం, ఉస్మానియాలో జర్నలిజం పీజీ చేసి బంజారాహిల్స్‌లో ఒక పీఆర్ ఏజెన్సీలో పనిచేస్తున్నాను. ప్రెస్ నోట్లు పంపడం, వేస్తారా లేదా అని రిపోర్టర్లకు ఫోన్లు చేయడం, సాయంత్రానికి క్లిప్పింగులన్నీ పోగేసి క్లయింటుకు రిపోర్టు పంపడం, ఇదే పని. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఏదైనా పెద్ద కంపెనీ కమ్యూనికేషన్స్‌లో చేరాలని ఉంది. ఇంట్లో ఎంబీఏ చేయమంటున్నారు. నా ఇంగ్లీషు అంత గొప్పగా ఉండదు, ఇంటర్వ్యూ అంటేనే టెన్షన్. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఎంబీఏ ఇష్టమై చేస్తానంటే చేయండి. ఈ ఉద్యోగం కోసమే అయితే మాత్రం రెండేళ్ళ కాలం, అంత ఫీజు పెట్టనక్కర్లేదు. నేను నా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఒక్కటే చూసేదాన్ని: ఎదురుగా కూర్చున్న మనిషికి కంపెనీ డబ్బు ఎలా సంపాదిస్తుందో అర్థమవుతుందా, అర్థం కాకపోతే మొహమాటం లేకుండా అడుగుతుందా అని. ఇంగ్లీషు విషయానికొస్తే, చిన్న చిన్న వాక్యాలు తప్పుల్లేకుండా రాయగలిగితే చాలు. పెద్ద పెద్ద మాటలు వేసి రాసినవాళ్ళ నోట్లు నేను కొట్టేసి మళ్ళీ రాయించేదాన్ని.

మీరు ఇవాళ్టి నుంచే చేయగలిగింది ఒకటుంది. హైదరాబాద్‌లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు, అంటే స్టాక్ మార్కెట్లో షేర్లున్నవి, రెండు మూడు ఎంచుకుని, వాటి వార్షిక నివేదికలు, స్టాక్ ఎక్స్ఛేంజీలకు పంపే ప్రకటనలు చదవండి. బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో అన్నీ ఉచితమే. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2015లో తెచ్చిన లిస్టింగ్ నిబంధనల్లో 30వ నిబంధన కూడా చదవండి. ముఖ్యమైన విషయం కంపెనీ లోపల తలెత్తితే 12 గంటల్లో, బయటి నుంచి వచ్చిందైతే 24 గంటల్లో ఎక్స్ఛేంజీలకు చెప్పాలి. బోర్డు నిర్ణయాలకైతే గడువు ఇంకా తక్కువ. అది తెలిసిన కొత్తవాళ్ళు నాకు చాలా అరుదుగా కనిపించారు. 2020 అక్టోబరు 22న డాక్టర్ రెడ్డీస్ తన మీద జరిగిన సైబర్ దాడి గురించి ఇచ్చిన ప్రకటన వెతికి చదవండి. దాడిని గుర్తించాం, డేటా సెంటర్ సేవలన్నీ విడిగా ఉంచాం, 24 గంటల్లో తిరిగి మొదలవుతాయని అనుకుంటున్నాం, దాదాపు అంతే. ఏం జరిగింది, ఏం చేశాం, తరవాత ఏమిటి. అలా క్లుప్తంగా రాయడం వస్తే ఇంటర్వ్యూలో మీ ఇంగ్లీషు సంగతి ఎవరికీ గుర్తుండదు.

రిపోర్టర్లకు ఫోన్లు చేసే పనిని తక్కువగా చూడకండి. ఏ రిపోర్టరుకు ఏం కావాలో, ఎవరికి ఏ టైములో ఫోన్ చేయకూడదో తెలిసిన మనిషి కంపెనీకి చాలా విలువైన మనిషి. వాళ్ళతో ఒక్క అబద్ధం కూడా ఆడకండి. చెప్పలేని విషయమైతే చెప్పలేనని చెప్పండి, వాళ్ళు అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: మాది మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీ. ఈమధ్య ప్లాంటులో మంటలు లేచి ముగ్గురు కార్మికులు గాయపడ్డారు, ఒకరిని ఐసీయూలో పెట్టారు. ‘స్వల్ప సంఘటన, ఎవరికీ ఏమీ కాలేదు’ అని స్టేట్‌మెంట్ రాయమన్నారు ఎండీ గారు. నాకు చేతులు రాలేదు. ‘విచారణ జరుగుతోంది’ అని ఒక్క ముక్క రాసి పంపాను. ఆయనకూ కోపం వచ్చింది, రిపోర్టర్లకూ కోపం వచ్చింది. ఇలాంటప్పుడు ఏం చేయాలి? ఎదురు చెబితే ఉద్యోగం పోతుందని భయం. – పేరు వేయవద్దన్న పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: అబద్ధం రాయలేదు కదా, అది గట్టి పనే. కానీ మీ ఉత్తరంలో ఎండీ గారున్నారు, రిపోర్టర్లున్నారు, ఆ ముగ్గురి ఇళ్ళవాళ్ళు మాత్రం ఎక్కడా లేరు. ప్రమాదం జరిగిన గంటలో మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, స్టేట్‌మెంటులో ఏం రాయాలని కాదు. ఇంటివాళ్ళకు ఎవరు ఫోన్ చేశారు, ఏ భాషలో చేశారు, ఆస్పత్రికి ఎలా వస్తున్నారు అని. మన పారిశ్రామికవాడల్లో పనిచేసేవాళ్ళలో బీహార్, ఒడిశా, యూపీల నుంచి వచ్చినవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ళ భార్యకో తల్లికో తెలుగులో ఫోన్ చేస్తే ఏం లాభం? హిందీ, ఒడియా వచ్చినవాళ్ళ నంబర్లు ముందే రాసిపెట్టుకోవాలి. కాంట్రాక్టు కార్మికుడైతే ‘మా ఉద్యోగి కాదు’ అని తప్పించుకోవడం నేను చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండింది. మీ గేటు లోపల గాయపడ్డవాడు మీ మనిషే.

2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు మీరు మర్చిపోయి ఉండరు. తమవాళ్ళు బతికున్నారో లేదో తెలియక కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి, మృతదేహాలను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. అంత పెద్ద ప్రమాదంలో ఎవరి చేతుల్లోనూ లేనివి చాలా ఉంటాయి, నిజమే. అయినా ఆ షిఫ్టులో ఎవరెవరు ఉన్నారనే జాబితా, ఇంటివాళ్ళకు సమాధానం చెప్పే ఒక మనిషి, ఒక ఫోన్ నంబరు, ఇవి ఏ ఫ్యాక్టరీ అయినా ముందే సిద్ధం చేసుకోవచ్చు. దీన్ని సేఫ్టీ విభాగం పని అని వదిలేయకుండా, మీ పనిగా తీసుకోండి.

ఇక ఎండీ గారి సంగతి. పదిమంది ముందు ఆయనకు నీతులు చెప్పొద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి నెమ్మదిగా చెప్పండి: ‘సార్, ఐసీయూ డాక్టరుకు తెలుసు, ఫైర్ సిబ్బందికి తెలుసు, పోలీసులకు తెలుసు, పక్కన పనిచేసినవాళ్ళ ఫోన్లలో వీడియోలున్నాయి. 48 గంటలు పనిలోకి రాలేనంత గాయమైతే అధికారులకు చట్టప్రకారం నోటీసు మనమే ఇవ్వాలి. ఆ నోటీసులో ఒకటి, పత్రికల్లో ఒకటి ఉంటే, రేపు ఈ వాక్యాన్ని మీ పేరు పక్కన పెట్టి వేస్తారు.’ నా అనుభవంలో చాలామంది పై అధికారులు అబద్ధం చెప్పాలని కూర్చున్నవాళ్ళు కారు, భయపడి ఉన్నవాళ్ళు. వాళ్ళ భయాన్ని తగ్గించే కాగితం ఒకటి మీ చేతిలో ఉండాలి. ఉత్త చేతులతో వెళ్ళి ‘ఇది రాయలేను సార్’ అంటే ఆయన వేరేవాళ్ళతో రాయించుకుంటాడు.

ఆ కాగితంలో ఏముండాలో మీకోసం రాస్తున్నాను: ‘ఈ ఉదయం మా యూనిట్‌లో మంటలు చెలరేగి ముగ్గురు గాయపడ్డారు. ఒకరు ఐసీయూలో ఉన్నారు. వాళ్ళ కుటుంబాలతో మాట్లాడాం, వైద్యం ఖర్చంతా కంపెనీదే. ప్రమాదానికి కారణం ఇంకా తెలియదు. సాయంత్రం 6 గంటలకు మళ్ళీ సమాచారం ఇస్తాం.’ ఇందులో ప్రతి ముక్కా నిజమయ్యాకే పంపాలి. కుటుంబాలతో మాట్లాడకుండా మాట్లాడామని రాయకూడదు. సాయంత్రం ఆరింటికి కొత్త సంగతి ఏమీ లేకపోయినా, ఏమీ లేదని చెప్పడానికైనా మీరు రావాలి.

ఇది కొత్తగా కనిపెట్టిందీ కాదు. 1906లో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ రైలు నీళ్ళలో పడి 50 మందికి పైగా చనిపోయినప్పుడు, ఆ కంపెనీకి పనిచేస్తున్న ఐవీ లీ అనే ఆయన జరిగిన సంగతి రాసి పత్రికలకు ఇచ్చాడు, విలేకరులను ప్రమాదం జరిగిన చోటికి రమ్మన్నాడు. అప్పటిదాకా ప్రమాదాలను దాచిపెట్టడమే రైల్వే కంపెనీల అలవాటు. మన వృత్తిలో ప్రెస్ నోట్ మొదలైందే అక్కడని చెబుతారు.

ఉద్యోగం పోతుందా అన్నారు. పోవచ్చు, పోదని నేను హామీ ఇవ్వలేను. అందుకే ఈ రంగంలో పైకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది, కొన్ని నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు ఎప్పుడూ విడిగా ఉంచుకోమని. నెత్తిన ఈఎంఐలు కుప్పగా ఉన్నప్పుడు ‘కుదరదు సార్’ అనే మాట గొంతు దాటి రాదు.

ప్రశ్న: మాదాపూర్‌లో ఒక టెక్ కంపెనీలో ఇంటర్నల్ కమ్యూనికేషన్స్ లీడ్‌ని. త్వరలో కొంతమందిని తీసేస్తున్నారు. ఆ మెయిల్ రాసేది నేనే కాబట్టి జాబితా నా దగ్గరుంది, అందులో నా టీమ్ అబ్బాయి పేరు కూడా ఉంది. నిన్న వచ్చి ‘అక్కా, బాచుపల్లిలో ఫ్లాట్ చూశాం, వచ్చే వారం అడ్వాన్స్ కడుతున్నాం’ అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. రాత్రంతా నిద్రలేదు. చెప్పకూడదని సంతకం పెట్టాను. – ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: పత్రిక వచ్చేదాకా ఆగకూడదని ఈ జవాబు మీకు ముందే మెయిల్ చేశాను. ఇలాంటి స్థితిలో ఇంకా ఎంతోమంది ఉంటారని ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

ఇవాళే హెచ్‌ఆర్ హెడ్ దగ్గరికి వెళ్ళండి. ఫలానా వ్యక్తి వచ్చే వారం జీవితకాలపు పొదుపు పెట్టబోతున్నాడు, అతనికి ముందే చెప్పే వీలు కల్పించండి అని అడగండి. ఒక మనిషికి ఆ తేదీ కంటే ముందే చెప్పడం కుదరని పనేమీ కాదు, చాలాచోట్ల ఎవరూ అడగక జరగదు. వాళ్ళు ఒప్పుకోకపోతే? జాబితా బయటపెట్టొద్దు. దాని మీద మీరు సంతకం పెట్టారు, అందులో మిగతావాళ్ళ బతుకులూ ఉన్నాయి. కానీ ఆ అబ్బాయితో ‘ఇప్పుడే అడ్వాన్స్ కట్టకు, నెల ఆగు, ఎందుకని నన్ను అడక్కు’ అనండి. అది కూడా చెప్పకూడదని మీ కంపెనీ వకీలు అనొచ్చు. నేనైతే చెబుతాను, దానివల్ల వచ్చే మాట పడతాను.

మెయిల్ సంగతి కూడా మీ చేతిలోనే ఉంది. మెయిల్ వెళ్ళకముందే ప్రతి ఒక్కరికీ వాళ్ళ మేనేజరు ఎదురుగా కూర్చుని చెప్పాలని పట్టుబట్టండి. ఎన్ని నెలల జీతం ఇస్తారు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుంది, పీఎఫ్, గ్రాట్యుటీ ఎప్పుడొస్తాయి, ఇవి మొదటి పేరాలోనే ఉండాలి. ‘మనమంతా ఒక కుటుంబం’ అన్న వాక్యం ఎవరైనా చేరిస్తే తీసేయండి.

2009 జనవరి 7 ఈ ఊళ్ళో ఐటీలో పనిచేసినవాళ్ళెవరికైనా గుర్తుంటుంది. లేని నగదు రూ.5,040 కోట్లు లెక్కల్లో చూపించామని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రాసిన ఉత్తరం బోర్డుకు, సెబీకి, స్టాక్ ఎక్స్ఛేంజీలకు వెళ్ళింది. చాలామంది ఉద్యోగులకు మాత్రం టీవీలో తెలిసింది. సుమారు 50 వేల మంది, ఒక్కొక్కరికీ ఇంటి నుంచి ఫోన్లు, ఏం చెప్పాలో తెలియదు. తమ సంగతి తమకంటే ముందు ఊరికి తెలియడం ఎలా ఉంటుందో ఆ తరం వాళ్ళను అడిగితే ఇప్పటికీ చెబుతారు.

ఆ అబ్బాయి వెళ్ళిపోయాక ఫోన్ చేయడం మానకండి. మీకు తెలిసిన నలుగురికి అతని గురించి చెప్పండి. లీడ్ అన్నాక ఇది కూడా ఉద్యోగంలో భాగమే.

ప్రశ్న: కరీంనగర్‌లో మా కొత్త శాఖ గురించి హైదరాబాద్ ఆఫీసు నుంచి పంపిన ప్రెస్ నోట్ ఒక్క తెలుగు పత్రికలోనూ రాలేదు. ఎందుకంటారు? – ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: ఇంగ్లీషులో పంపి ఉంటారు. అది కూడా సాయంత్రం పొద్దుపోయాక పంపి ఉంటారు. జిల్లా ఎడిషన్లు సిటీ ఎడిషన్ కంటే ముందే మూసేస్తారు, మీ రెండు పేజీల ఇంగ్లీషు తెలుగు చేసుకునే తీరిక అక్కడి డెస్కులో ఎవరికీ ఉండదు. మధ్యాహ్నం లోపు, తెలుగులో, ఒక పేజీ దాటకుండా పంపండి. మీ చైర్మన్ దార్శనికత గురించి రాసిన పేరా తీసేసి, కరీంనగర్‌లో ఎన్ని ఉద్యోగాలొస్తాయి, ఏ అర్హత కావాలి, ఎక్కడ దరఖాస్తు చేసుకోవాలి అనేవి పైన పెట్టండి, అక్కడి పాఠకుడికి కావాల్సింది అదే. టెక్స్ట్ యూనికోడ్‌లో ఉండాలి, పీడీఎఫ్ ఒక్కటే పంపొద్దు. ఫొటోలో ఉన్నవాళ్ళ పేర్లు ఎడమ నుంచి కుడికి తెలుగులో రాసి పంపండి.